వినూ ఎవరు, వదినా?

దిల్‌సుఖ్‌నగర్,
18 జూన్ 2024

వదినకు,

క్షేమ సమాచారాలు ముందు రాయాలట కదా, రాసేస్తున్నాను. మేమిద్దరం బాగున్నాం. నువ్వు లేని ఇల్లే బాగాలేదు.

పోస్టాఫీసులో కవరూ స్టాంపూ అడిగితే కౌంటర్లో ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కొరియరా అమ్మా?" అంది. "కాదండీ, మా ఆడపడుచుకు ఉత్తరం" అన్నాను. "ఫోన్ లేదా ఆమెకు?" అంది. ఏం చెప్పమంటావు? ఉంది, ఆదివారం ఆదివారం చేస్తుంది, "మంచిగున్న, తిన్న, పెట్టేస్తున్న" అని మూడు ముక్కలు చెప్పి నిజంగానే పెట్టేస్తుంది, ఉత్తరం మాత్రం చేత్తోనే రాయమని పట్టుబడుతుంది అని చెప్పనా? విశాఖపట్నంలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌ అయ్యాక నీకు ఈ పాతకాలపు సరదా ఎందుకు పుట్టిందో నీకే తెలియాలి.

ఇంట్లో నేను ఎప్పటిలాగే మాట్లాడుతూనే ఉన్నాను. "జర ఊకో బిందూ, చెవులు తూట్లు వడుతున్నయ్" అనే మనిషి లేదు. మీ తమ్ముడు అసలు వినడు. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్లూ నడిచి వెళ్లొచ్చేవాడా, ఇప్పుడు బాటసింగారం దాకా బండి మీద పోయి రావడంతో అన్నం దగ్గరే తూగుతున్నాడు. తిట్టే మనిషి లేకపోతే వాగుడుకు రుచి ఉండదని నాకు ఇప్పుడు తెలిసింది.

అసలు సంగతి వేరే ఉంది. మన పై వాటాలో ఉండే అండాలమ్మగారి అక్క కూతురి గృహప్రవేశం కార్డు తయారుచేసే పని ఒకటి వచ్చింది. నువ్వు నేర్పిన విద్యే కదా అని నీ కంప్యూటర్ మీద కప్పిన దిండు గలీబు తీసి ఆన్ చేశాను. "ప నోరు తెరుచుకొని ఉంటది, వ నోరు మూసుకొని ఉంటది, ప్రూఫు చూసేటప్పుడు నోళ్లు చూడు" అని నువ్వు చెప్పింది గుర్తుపెట్టుకునే చూశాను.

కానీ తెర మీద ఒక పసుపుపచ్చ గీతల పెట్టె వచ్చి కూర్చుంది వదినా. బాణం ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది. ఏ మాట మీద పెడితే ఆ మాట చుట్టూ చుట్టుకుంటుంది. కింద మూలన ఎప్పుడూ చూడని బొమ్మ ఒకటి, దాని కింద ఇంగ్లీషులో VINU అని ఉంది. వినూ అట! నేను పెట్టలేదు, మీ తమ్ముడికి మీటలే తెలియవు. ఆయన్ని పిలిస్తే గడపలోంచే చూసి, "ఎవడో లోపటికి జొర్రిండు. బ్యాంకు పైసలు గుంజేటోళ్లు గిట్లనే ఒస్తరంట. ముందుగాల నెట్ వైరు పీకు" అన్నాడు. పీకేశాను. ఆ పెట్టె మాత్రం పోలేదు. వైరు లేకపోయినా నన్నే చూస్తున్నట్టు ఉంటే కంప్యూటర్ మీద మళ్లీ గలీబు కప్పేశాను.

నీకేమైనా తెలిస్తే రాయి. పెళ్లయిన కొత్తలో నిన్ను మీరూ మీరూ అంటే, "గీ మీరు గీరు నా కాడ నడవదు" అన్నావు గుర్తుందా? ఆ చనువుతోనే అడుగుతున్నాను. ఎప్పుడొస్తావు?

నీ వాగుడుకాయ మరదలు,
బిందు


విశాఖపట్నం,
27 జూన్

చి.ల.సౌ. బిందుమాధవికి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం కిటికీ దగ్గర కూర్చుని మళ్లీ మళ్లీ చదివాను. చదువుతుంటే నువ్వు పక్కన నిలబడి కందిపప్పు ఏరుతూ మాట్లాడుతున్నట్టే ఉంది. ఈసారి కొంచెం పెద్దగా రాయి. చీమల బారులా రాస్తే ఎట్లా?

పసుపు పెట్టె గురించి పరేషాన్ కాకు. అది దొంగ కాదు. నేనే పెట్టుకున్నాను. దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. దాని జోలికి పోకు, కానీ తీసెయ్యకు. ఎవరు, ఏమిటి అని అడగకు. నేను పెట్టానని తమ్ముడు మహేందర్‌కు అసలే చెప్పకు.

ఇక్కడ సముద్రం దగ్గరే. గాలి బాగుంటుంది.

వదిన
కృష్ణకుమారి


దిల్‌సుఖ్‌నగర్,
6 జూలై

వార్డెన్ అమ్మగారి సమక్షానికి,

స్కెచ్ పెన్నుతో ఉత్తరమా! ఒక్కో అక్షరం రేషన్ షాపు బోర్డంత ఉంది. లైన్లు కూడా కుడివైపు జారిపోయాయి. పెళ్లికార్డులో ఒక చుక్క పక్కకు జరిగితే ఒప్పుకోని మనిషివి, అంత ఆదరాబాదరాగా రాయాల్సిన పనేమిటో?

నాకు తెలుసులే. పట్టేశాను.

నువ్వు దాని జోలికి పోవద్దు అంటే నేను పోకుండా ఉంటానా? కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాములన్నీ వరసగా కనిపించే చోటుకు వెళ్లి, ఏది ఏ తారీఖున ఎక్కించారో చూశాను. వినూ పోయిన కార్తీకమాసంలో వచ్చాడు. తయారుచేసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మూసేస్తే పోతాడు, కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే వచ్చేస్తాడు. రిపేరు షాపులో అడిగితే "అంతా తుడిచేసి కొత్తగా ఎక్కిద్దాం మేడమ్" అన్నారు. నీ కార్డుల డిజైన్లన్నీ అందులో ఉంటే తుడిపిస్తానా? దండం పెట్టి వచ్చేశాను.

దారిలో ఆలోచిస్తూ వచ్చాను. "దొంగ కాదు, నేనే పెట్టుకున్నాను, ఎవరు ఏమిటి అని అడగకు, తమ్ముడికి చెప్పకు." ఏ ఆడదైనా కంప్యూటర్ ప్రోగ్రాము గురించి ఇలా మాట్లాడుతుందా? అది మీరిద్దరూ మాట్లాడుకోవడానికి పెట్టుకున్నది. వినూ అంటే వినయో, వినోదో అయి ఉంటాడు. కార్తీకం నుంచి మధ్యాహ్నాలు తలుపు దగ్గరికి వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేదానివి. పాటల మీద ధ్యాసలేని మనిషివి, ఊరికి పోతూ ఆ హెడ్‌ఫోన్లు కూడా పట్టుకుపోయావు. నేను లోపలికి వస్తే ఉలిక్కిపడేదానివి. ఇక ఆ హస్తినాపురం వాళ్ల కార్డు సంగతి? "వధువు" అని ఉండాల్సిన చోట "మధువు" అని కొట్టావు. ఐదొందల కార్డుల్లో పెళ్లికూతురు సారా అయిపోయింది! పిల్ల తండ్రి గుమ్మంలో నిలబడి అరిచి వెళ్లాడు. ఆ తర్వాత కార్డుల పనే మానేశావు. కళ్లు లాగుతున్నాయన్నావు. కళ్లు కాదు లాగింది, మనసు!

వదినా, నీకు నలభై నాలుగేళ్లయితే ఏం? మా అత్తగారు మంచాన పడ్డారని, తమ్ముడు స్థిరపడలేదని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపావు. ఇప్పుడైనా ఒకడు దొరికితే మేం అడ్డమా? నీ పెళ్లి మాకు సంతోషమే. ఆయన ఎవరైనా, ఏ కులమైనా సరే. తెనాలి పిల్లను నల్గొండ ఇంటికి తెచ్చినప్పుడు మీ వాళ్లందరితో నా కోసం కొట్లాడింది నువ్వు కాదా? బోనాలకు ఇద్దరూ కలిసి రండి. మీ తమ్ముడిని నేను చూసుకుంటాను.

కాబోయే అన్నయ్యగారికి నమస్కారాలతో,
బిందు


విశాఖపట్నం,
17 జూలై

బిందూకు,

నీ ఉత్తరం అందింది.

"వెళ్లి మాకు సంతోషమే" అని రాశావు, అంటే నేను వెళ్లాక మీకు సంతోషమేనన్న మాట. ఎక్కడ తప్పు చదివానో అని మళ్లీ మళ్లీ చూశాను. అదే ఉంది. మనసులో ఉన్నది కాగితం మీద పెట్టినందుకు నిన్ను తప్పుపట్టను. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఎవరికైనా విసుగు వస్తుంది.

బోనాలకు రాను. నా గది కిరాయికి ఇచ్చుకోండి. కంప్యూటర్ కూడా ఎవరికైనా ఇచ్చెయ్యి.

కృష్ణకుమారి


దిల్‌సుఖ్‌నగర్,
30 జూలై

వదినా,

నమస్కారం కూడా పెట్టను, అంత కోపంగా ఉంది. నేనెప్పుడు రాశాను ఆ మాట? నా చెయ్యి పడిపోదా రాస్తే? నీ *పెళ్లి* మాకు సంతోషమే అని రాశాను. పెళ్లి! పకు నోరు తెరిచే పెట్టాను. నాకు ఆ అక్షరాలు దిద్దించిన మనిషివి నువ్వే, పెళ్లిని వెళ్లి అని చదివి, నా మీద ఇంత నింద వేస్తావా? నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. బోనం ఎత్తుకున్నప్పుడు కూడా నీ మీద కోపమే ఉంది, అమ్మవారు ఏమనుకుందో. నీ ఉత్తరం కూడా ఏమి ఉత్తరం! ఒక లైను మీద ఇంకో లైను ఎక్కించి రాశావు, "కిరాయికి" అన్న మాట కింద ఇంకేదో మాట నలిగిపోయింది. నా మీద కోపం ఉంటే మాత్రం

ఇక్కడిదాకా పొద్దున రాశాను. రాస్తూ రాస్తూ ఆగిపోయాను వదినా.

ఒక లైను మీద ఇంకో లైను ఎవరు రాస్తారు? కోపం వచ్చినవాళ్లు రాయరు. మొదటి లైను కనపడనివాళ్లు రాస్తారు.

పకూ వకూ తేడా ఆమడ దూరం నుంచి చెప్పే మనిషివి పెళ్లిని వెళ్లి అని చదివావు. వధువు మధువైతే చూసుకోలేదు. స్కెచ్ పెన్నుతో రాస్తున్నావు. నన్ను పెద్దగా రాయమన్నావు. పోయిన చలికాలం గుమ్మాలకు గుద్దుకుని "ఇల్లు ఇరుకైంది" అనేదానివి. ఇవన్నీ నా కళ్లముందే ఉన్నాయి, నేను మాత్రం పెళ్లికొడుకును వెతుక్కుంటూ కూర్చున్నాను.

కంప్యూటర్ ముందుకు వెళ్లి కూర్చున్నాను. దానికి స్పీకర్లు ఎప్పుడూ లేవు కదా. నీ హెడ్‌ఫోన్లు నీ దగ్గరే ఉన్నాయి. మీ తమ్ముడు ఫోన్‌కు పెట్టుకునే ఇయర్‌ఫోన్లు తెచ్చి వెనకాల గుచ్చి చెవిలో పెట్టుకున్నాను. బాణం కదిపాను. ఒక ఆడగొంతు మాట్లాడింది. బాణం కింద ఉన్న మాట చదివింది. పసుపు పెట్టె ఏ మాట చుట్టూ ఉంటే ఆ మాట. గృహప్రవేశం కార్డు తెరిస్తే మొదటి నుంచి చివరిదాకా గడగడా చదివేసింది. "చి చుక్క, ల చుక్క, సౌ చుక్క" అంటూ. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. చివరికి దాని బొమ్మ మీద బాణం పెట్టాను. అది తన పేరు తానే చెప్పుకుంది. వినూ అని సాగదీయలేదు. "విను" అంది.

మనిషి పేరు కాదు. వినమని చెప్పే మాట. ఆ ఇంగ్లీషు అక్షరాల్లో నాకు మగవాడు కనిపించాడు గానీ మన తెలుగు మాట కనిపించలేదు. దాని గురించి రాసి ఉన్నదంతా దానితోనే చదివించుకున్నాను. చూపు తగ్గుతున్నవాళ్ల కోసం చేసిన ప్రోగ్రాము అది.

వదినా, నీ కళ్లకు ఏమైంది? నాకు నిజం రాయి. ఈ ఒక్కసారికి నేను మాట్లాడను, నువ్వు చెప్పు.

బిందు


విశాఖపట్నం,
11 ఆగస్టు

బిందూ తల్లీ,

నీ మీద వేసిన నింద నేనే మోస్తాను. నీ చీమల బారుల్లో అక్కడొక మాట ఇక్కడొక మాటే నాకు అందింది, నా కళ్లు చదవలేని చోట నా భయం చదివింది. ఎప్పుడెప్పుడు ఆ మాట వస్తుందా అని నాలో నేను ఎదురుచూస్తున్నానేమో, అందుకే కనిపించింది.

కంటి వెనక పొర ఎండిపోతోందట. మందు లేదు, ఆపరేషన్ లేదు. పక్కలన్నీ ముందే పోయాయి. ఇప్పుడు వెదురు బొంగులోంచి చూసినట్టు మధ్యలో కొంచెం కనిపిస్తుంది. అది కూడా కొన్నేళ్లే అన్నారు. నేను ఇక్కడ వార్డెన్‌ను కాదు బిందూ, ఇక్కడ నేర్చుకోవడానికి వచ్చినదాన్ని. చూపు పోతున్నవాళ్లకు కర్రతో నడవడం, వింటూ కంప్యూటర్ మీద పనిచేయడం నేర్పుతారు. నా పక్క మంచం మీద పడుకునే ఇందిరాదేవి గారు అసలు చూడలేరు, అయినా నాకంటే చక్కగా చీర కుచ్చిళ్లు పెట్టుకుంటారు.

కార్తీకంలో విను పెట్టుకున్నప్పుడు మీకు చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు. మా అమ్మ రెండేళ్లు పక్క మీద ఉంటే నువ్వు చేశావు. అన్నం తినిపించావు, బట్టలు ఉతికావు, ఒక్కనాడు మొహం చిట్లించలేదు. అమ్మ పోయాక నీ చేతులకు కొంచెం విశ్రాంతి దొరికింది. మళ్లీ అదే పని, ఈసారి నాకు చేయమని ఏ నోటితో అడగను? అందుకే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కేశాను. ఇక్కడే ఏదో ఒక పని చూసుకుని ఉండిపోతాను. నన్ను రమ్మనకు. నువ్వు రమ్మంటే రావాలనిపిస్తుంది.

చేత్తో రాయమని ఎందుకు పట్టుబట్టానో అడిగావు. నీ గొంతు ఎప్పుడైనా వినవచ్చు. నీ అక్షరాలు మాత్రం చూపు ఉన్నన్నాళ్లే. నీ "ళ్ల" కింద ఆ చిన్న ముడి, వాక్యం చివర నువ్వు మరిచిపోయే చుక్క, అవన్నీ చూసి దాచుకోవాలని. అంతే బిందూ. ఇంకేమీ లేదు.

నీ వదిన


దిల్‌సుఖ్‌నగర్,
8 సెప్టెంబరు

వదినా,

నేను కూడా స్కెచ్ పెన్ను కొన్నాను. అక్షరాలు పెద్దగా రాస్తుంటే పేజీకి నాలుగైదు మాటలే పడుతున్నాయి. నా వాగుడంతా పట్టాలంటే ఒక దస్తా కాగితాలు కావాలి. కవరు లావెక్కి ఉంటుంది, కంగారు పడకు.

నువ్వు చెప్పొద్దన్నా మీ తమ్ముడికి చెప్పేశాను. విన్నాడు. మిద్దె మీదికి పోయాడు. దిగొచ్చి, "అక్కకు కండ్లు పోతే అక్క కాకుంట పోతదా? గిదెక్కడి లెక్క?" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మర్నాడు మార్కెట్‌కు పోలేదు. పసుపు రంగు డబ్బా తెచ్చి మన మెట్లన్నిటికీ అంచుల వెంట గీతలు కొట్టాడు. అండాలమ్మగారు చూసి, "ఏందయ్యా మహేందరూ, ఇంట్ల పెండ్లా?" అంటే, "మా అక్క ఒస్తున్నది" అన్నాడు. ఆ రోజు నుంచి పోతూ వస్తూ ఆ గీతలు తొక్కకుండా దాటుతున్నాడు.

ఇప్పుడు నా మాట. నాకు నీ దగ్గర సేవ చేసే కోరిక ఏమీ లేదు. నీకు చీర కట్టుకోవడం వచ్చు, అన్నం తినడం వచ్చు, నన్ను తిట్టడం అన్నిటికంటే బాగా వచ్చు. నాకు నీతో పని ఉంది. నిన్న ఆ "మధువు" ముక్కను మళ్లీ టైపు చేసి వినుతో చదివించాను. "చి చుక్క ల చుక్క సౌ చుక్క... మధువు" అంది, నిక్షేపంగా. అది వింటే నీ చెవి ఊరుకుంటుందా? పకు నోరు తెరిచి ఉందో మూసి ఉందో నేను చూస్తాను, మాట తప్పో ఒప్పో నువ్వు విని చెప్పు. నేను టైపు చేస్తాను, అది చదువుతుంది, నువ్వు దిద్దు. కార్డులు ఇద్దరం కలిసి చేద్దాం. హస్తినాపురం పెద్దమనిషికి రెండో పిల్ల కూడా ఉందట, ఆ కార్డు మనమే చేసి ఇవ్వాలి.

ఇంకొకటి అడగాలి. జూన్‌లో నువ్వు రాసిన మొదటి ఉత్తరం మళ్లీ తీసి చూశాను. దాని జోలికి పోకు అన్నావు, "కానీ తీసెయ్యకు" అన్నావు. తిరిగి రాకూడదనుకున్న మనిషికి ఈ ఇంట్లో కంప్యూటర్లో ఏముంటే ఏం, లేకపోతే ఏం? ఎందుకు తీసెయ్యొద్దన్నావు వదినా?

నీ గది నీదే. గుమ్మానికి అడ్డంగా ఉన్న బీరువా పక్కకు జరిపాం. రా. నువ్వు లేక నాకు బాగాలేదు. ఇంతకంటే పెద్ద అక్షరాలతో నాకు రాయడం రాదు.

బిందు


విశాఖపట్నం,
22 సెప్టెంబరు

బిందూకు,

ఈ ఉత్తరం నేను టైపు చేసింది. చూస్తూ కాదు, వింటూ. విను ప్రతి మాటా చదివి వినిపిస్తుంటే దిద్దుకుంటూ వచ్చాను. నీ పేరు పలికినప్పుడల్లా అది చాలా మర్యాదగా "బిందు" అంటుంది. నేను పిలిచినట్టు దానికి పిలవడం రాదు.

నీ లావు కవరు అందింది. ఆ కాగితాలన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్కటీ చూశాను. నీ "ళ్ల" కింద ముడి ఇప్పుడు బత్తాయంత ఉంది. ఇందిరాదేవి గారు ఆ కాగితాల మీద చెయ్యి పెట్టి, "ఎవరో మీ మీద చాలా ప్రేమ ఉన్నవాళ్లు రాశారు, కాగితం వెనక్కి గుచ్చుకునేంత నొక్కి రాశారు" అన్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు. ఎందుకు తీసెయ్యొద్దన్నానో అప్పుడు నాకే తెలియదు. నా నోటి కంటే ముందు నా చెయ్యి నిజం రాసినట్టుంది. రావాలనే ఉంది బిందూ. మొదటి రోజు నుంచీ ఉంది.

శనివారం పొద్దున బస్సు ఎల్‌బీ నగర్‌లో దిగుతాను. ఆ చౌరస్తాలో ఎన్ని బస్సులో, ఎన్ని మొహాలో నీకు తెలుసు కదా. అన్ని మొహాల్లో నేను మీ మొహాలు వెతకలేను. మహేందర్ వస్తాడు, సామాను పట్టుకుంటాడు, కానీ నోరు విప్పడు. నువ్వు మెట్రో మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉండు. ఎవరితోనైనా, దేని గురించైనా. బస్సుల హారన్ల మధ్య కూడా నీ గొంతు నాకు తెలుస్తుంది. దాన్ని పట్టుకుని నడిచి వచ్చేస్తాను.

ఇన్నేళ్లూ నిన్ను జర ఊకో అన్నాను. ఆ పొద్దున మాత్రం ఊకోకు బిందూ.

వింటూ వస్తున్న
వదిన